నవ్వేవాళ్ళ మీదికి తిరిగే వ్యంగ్యం: ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో పెళ్ళిళ్ళు, మనుషులు

మీ ప్రశ్న ఇది: ఆస్తిపరుడైన బ్రహ్మచారికి భార్య అవసరమన్నది లోకమంతా ఒప్పుకున్న సత్యమని మొదటి వాక్యంలోనే ఎత్తిపొడిచిన జేన్ ఆస్టెన్, నవల చివర ఇద్దరు ఆస్తిపరులైన బ్రహ్మచారులకు ఇద్దరు అక్కచెల్లెళ్ళనిచ్చి పెళ్ళి చేస్తుంది కదా, మరి ఆ వ్యంగ్యం ఏమైపోయినట్టు? ఇల్లూ వాకిలీ చూసుకుని పాదిరి కాలిన్స్‌ను చేసుకున్న స్నేహితురాలు షార్లెట్‌ను తప్పుపట్టిన కథానాయిక ఎలిజబెత్ బెన్నెట్, ఏడాదికి 10,000 పౌండ్ల రాబడి ఉన్న డార్సీని చేసుకుంటే అది మాత్రం ఆదర్శ వివాహం ఎలా అయింది?

ఈ నవలను చాలా ఏళ్ళుగా చదువుతూ, చదివిస్తూ వచ్చిన అనుభవంతో నాకు స్థిరపడిన అభిప్రాయం చెబుతాను. ఈ కథలో వ్యంగ్యం పెళ్ళి అనే వ్యవస్థను ఎగతాళి చేయడానికి వాడినది కాదు. మనుషులు తమను తాము ఎంత తెలుసుకున్నారో తేల్చడానికి ఆస్టెన్ దాన్ని వాడుకుంది. అందుకే అది ఎక్కువగా తగిలేది మనం నవ్వుకునే ఎలిజబెత్ తల్లి మిసెస్ బెన్నెట్‌కూ కాలిన్స్‌కూ కాదు. తెలివిగా నవ్వే మిస్టర్ బెన్నెట్‌కూ, ఆయన ముద్దుల కూతురు ఎలిజబెత్‌కూ, ఆ ఇద్దరితో చేతులు కలిపిన పాఠకుడికీ. ఈ సంగతి పట్టుకుంటే మీ రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడే దొరుకుతుంది.

ముందు డబ్బు లెక్క స్పష్టంగా ఉండాలి. పరీక్షల కోసం చదివేవాళ్ళు సాధారణంగా తొందరగా దాటేసే భాగం ఇదే. నవలలో డార్సీకీ బెన్నెట్‌కూ చెప్పే 10,000, 2,000 అనే అంకెలు ఆస్తి విలువలు కావు, ఏడాది రాబడులు. బెన్నెట్ కుటుంబానికి లాంగ్‌బోర్న్ ఎస్టేట్ మీద ఏటా 2,000 పౌండ్లు వస్తాయి. అయితే ఆ ఎస్టేట్ ఎంటెయిల్ కింద ఉంది, అంటే మగ వారసుడు లేకపోతే అది దూరపు బంధువైన కాలిన్స్‌కు పోతుంది, బెన్నెట్ దాన్ని అమ్మడానికి గాని కూతుళ్ళకు రాసివ్వడానికి గాని వీల్లేదు. తల్లికీ పిల్లలకూ కలిపి పెళ్ళి ఒప్పందంలో రాసి ఉన్నది 5,000 పౌండ్లు. కాలిన్స్ తన పెళ్ళి ప్రస్తావనలో మర్యాద మరిచి ఎలిజబెత్ ముఖానే చెప్పినట్టు, ఆమె వాటాకు వచ్చేది నాలుగు శాతం వడ్డీకి పెట్టిన 1,000 పౌండ్లు, అదీ తల్లి పోయిన తరువాతే. తండ్రి కన్ను మూసిన మరునాడు ఆరుగురు ఆడవాళ్ళు 2,000 పౌండ్ల రాబడి నుంచి సుమారు 200 పౌండ్ల రాబడికి దిగిపోతారు, ఉన్న ఇల్లు ఖాళీ చేయాల్సివస్తుంది.

ఇప్పుడు మొదటి వాక్యం మళ్ళీ చదవండి. భార్య అవసరం నిజంగా ఆ బ్రహ్మచారికి ఉందా? నేదర్‌ఫీల్డ్ భవనం అద్దెకు తీసుకుని ఆ ఊరికి వచ్చిన బింగ్లీకి తండ్రి ఇచ్చిపోయిన దాదాపు లక్ష పౌండ్లు ఉన్నాయి, పెళ్ళి లేకపోయినా అతనికి జరగనిదేమీ లేదు. అవసరమంతా అవతలి పక్కన, ఆస్తి లేని ఆడపిల్లల ఇళ్ళలో ఉంది. తమ అవసరాన్ని అతని అవసరంగా చెప్పుకోవడం ఆ ఇళ్ళ మర్యాద. వెంటనే వచ్చే రెండో వాక్యంలో, ఊళ్ళోకి కొత్తగా వచ్చిన అలాంటి యువకుణ్ణి చుట్టుపక్కల కుటుంబాలు తమ కూతుళ్ళలో ఎవరో ఒకరికి హక్కుగా చెందిన సొత్తుగా లెక్కేసుకుంటాయని ఆస్టెన్ అంటుంది. ఆ నాటి ఇంగ్లండ్ చట్టంలో పెళ్ళయిన స్త్రీకి భర్తతో నిమిత్తం లేని చట్టపరమైన ఉనికే లేదు, ఆమె డబ్బూ నగలూ భర్తవి అయిపోయేవి, వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు 1870లోనూ 1882లోనూ గాని రాలేదు. అలాంటి చోట మగవాణ్ణి ఆడపిల్ల సొత్తు అనడం వాస్తవాన్ని తలకిందులుగా నిలబెట్టడమే. ఆ వ్యంగ్యం చివరికి ఎక్కడికీ పోలేదు. పెళ్ళిళ్ళు జరిగినా అవసరం ఎవరిదన్న ప్రశ్న అలాగే నిలిచి ఉంది.

ఈ లెక్క తెలిశాక మిసెస్ బెన్నెట్ వేరే మనిషిగా కనిపిస్తుంది. ఆమె గట్టిగా మాట్లాడుతుంది, ఎక్కడ ఏమనాలో తెలియదు, నేదర్‌ఫీల్డ్ విందులో డార్సీకి వినబడేలా పెద్ద కూతురు జేన్‌కు బింగ్లీతో పెళ్ళి ఖాయమన్నట్టు చెప్పి కూతుళ్ళ అవకాశాలను తానే చెడగొడుతుంది. ఇవన్నీ నిజమే. కానీ ఆ ఇంటికి రాబోయే ప్రమాదాన్ని రోజూ కళ్ళముందు పెట్టుకున్న మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఆమె మీద చక్కని మాటలు విసురుతూ గ్రంథాలయంలో కూర్చునే భర్త ఏం చేశాడో 50వ అధ్యాయంలో ఆస్టెన్ చాలా మామూలు గొంతుతో చెబుతుంది. పెళ్ళైన కొత్తలో పొదుపు అనవసరమనుకున్నారు, ఎందుకంటే కొడుకు పుడతాడు, యుక్తవయసు వచ్చాక తండ్రితో కలిసి ఎంటెయిల్ రద్దు చేస్తాడు, భార్యాబిడ్డలకు లోటుండదు. కూతురు తరువాత కూతురు పుట్టారు, కొడుకు పుట్టలేదు, ఆశ వదులుకునే నాటికి పొదుపు మొదలుపెట్టే కాలం దాటిపోయింది. ఆయనకు స్వతంత్రంగా బతకడం ఇష్టం కాబట్టి రాబడికి మించి ఖర్చు కాలేదు, అంతే.

నా దృష్టిలో నవల మొత్తానికి తాళంచెవి ఈ దంపతులే. యవ్వనాన్నీ అందాన్నీ, అవి ఇచ్చే కళకళలాడే ముఖాన్నీ చూసి ఆయన పెళ్ళి చేసుకున్నాడు, కొద్దికాలంలోనే ప్రేమా గౌరవమూ పోయాయి, ఆపైన భార్య అజ్ఞానమే ఆయనకు వినోదమైంది. ఎలిజబెత్‌కు ఈ సంగతి తెలియక కాదు. భార్యను సొంత పిల్లల ఎదుట చులకన చేయడం తప్పని ఆమె ఎప్పుడూ అనుకుంటూనే ఉంది, తండ్రి తనమీద చూపే ప్రేమకు కట్టుబడి చూడనట్టు ఊరుకుంది. ఆఖరి చెల్లెలు లిడియాను బ్రైటన్‌కు పంపే విషయం వచ్చినప్పుడు (41వ అధ్యాయం) ఇక ఊరుకోలేక తండ్రి దగ్గరికి వెళ్ళి, ఆ పిల్లను ఇప్పుడు అదుపులో పెట్టకపోతే ఇక పెట్టలేమని, ఆమె పోకడ వల్ల అందరి పరువూ పోతుందని సూటిగా చెప్పింది. లిడియా ఎక్కడో ఒకచోట నలుగురిలో అభాసుపాలు కానిదే నెమ్మదించదని, ఇంత తక్కువ ఖర్చుతో ఆ పని అయ్యే అవకాశం మళ్ళీ దొరకదని ఆయన జవాబు. చాలా తెలివైన మాట, చదువుతుంటే నవ్వొస్తుంది. అయిదు అధ్యాయాలు తిరగకముందే లిడియా సైనికాధికారి వికమ్‌తో వెళ్ళిపోయిన వార్త వస్తుంది. ఆమె వయసు 16. తండ్రి హాస్యానికి అన్నది అక్షరాలా జరిగింది. వ్యంగ్యం ఎంత పదునుగా ఉన్నా అది చేయాల్సిన పనికి బదులు కాలేదని చూపడానికి ఇంతకన్నా గట్టి సన్నివేశం నవలలో మరొకటి లేదు.

ఇక షార్లెట్ సంగతికి వస్తాను. కాలిన్స్ మూడు రోజుల వ్యవధిలో ఇద్దరు ఆడపిల్లలను అడిగాడు, మొదటి పిల్ల కాదంది, రెండో పిల్ల ఔనంది. షార్లెట్‌కు 27 ఏళ్ళు, అందగత్తె అన్న పేరు లేదు, చేతిలో డబ్బు లేదు. చదువుకున్న, కలిమి లేని ఆడపిల్లకు పెళ్ళి ఒక్కటే గౌరవమైన ఆధారమని, అది సుఖాన్ని ఇస్తుందో లేదో తెలియకపోయినా లేమి నుంచి కాపాడుతుందని ఆమె ఆలోచనగా ఆస్టెన్ చెబుతుంది. ఆ వాక్యంలో వెక్కిరింత వెతికేవాళ్ళున్నారు, నాకు కనిపించలేదు. చాలా నిబ్బరంగా, దాదాపు విచారంగా చెప్పిన మాట అది.

పెళ్ళయ్యాక ఎలిజబెత్ హన్స్‌ఫర్డ్‌లో ఆమె ఇంటికి వెళ్ళినప్పటి చిన్న విషయం ఒకటి జాగ్రత్తగా చూడాలి. రోజూ కూర్చోవడానికి షార్లెట్ వెనకవైపు గది ఎంచుకుంది. భోజనాల గది దానికన్నా పెద్దది, చూడటానికి ఆహ్లాదంగా ఉంటుంది, దాన్నెందుకు వాడదని ఎలిజబెత్ మొదట ఆశ్చర్యపోయింది, తరువాత కారణం తెలిసింది. కాలిన్స్ చదువుకునే గది వీధివైపు ఉంది, దారిన పోయే బండ్లన్నీ అక్కడినుంచి కనిపిస్తాయి. ఆడవాళ్ళు కూర్చునే గది కూడా అంత సందడిగా ఉంటే ఆయన తన గదిలో ఉండేవాడు కాదు. తోటపని ఒంటికి మంచిదని చెప్పి భర్తను వీలైనంత ఎక్కువగా తోటలోకి పంపేదీ షార్లెటే. ఆయన సిగ్గుపడాల్సిన మాట ఏదైనా అన్నప్పుడు ఎలిజబెత్ అప్రయత్నంగా స్నేహితురాలి వైపు చూసేది, ఒకటి రెండుసార్లు ఆమె ముఖం కొద్దిగా ఎర్రబడింది, మిగతా వేళల్లో షార్లెట్ తెలివిగా వినలేదు. ఆ ‘వినకపోవడం’ షార్లెట్ జీవితాంతం చేయాల్సిన పని. ఆమె తప్పు చేసిందని నవల తీర్పు ఇవ్వదు, సుఖంగా ఉందని అబద్ధమూ చెప్పదు. ఇల్లు దొరికింది, కోళ్ళూ తోటా దొరికాయి, వాటికి చెల్లించిన వెల ఆ వెనక గదిలో కనబడుతుంది.

ఆస్టెన్‌కు ఈ ఎంపిక పుస్తకంలో మాత్రమే ఎదురైనది కాదు. 1802 డిసెంబరులో హ్యారిస్ బిగ్-విదర్ అనే ఆస్తిపరుడైన యువకుడు ఆమెను పెళ్ళికి అడిగాడు, ఒప్పుకుంది, మరునాటి ఉదయమే మాట వెనక్కి తీసుకుంది. అప్పటికి ఆమెకు 27 నిండబోతున్నాయి, అంటే ఇంచుమించు షార్లెట్ వయసు. 1805లో తండ్రి పోయాక తల్లీ అక్కా తనూ అన్నదమ్ములు ఇచ్చే సహాయం మీద గడపాల్సి వచ్చింది, 1809లో అన్న ఎడ్వర్డ్ చాటన్‌లో ఇల్లు ఇచ్చాకనే నిలకడ దొరికింది. ప్రేమ లేని పెళ్ళికన్నా మరేదైనా భరించవచ్చని ఒక ఉత్తరంలోనూ, ఒంటరి ఆడవాళ్ళకు పేదరికం చుట్టుకోవడం ఘోరమని మరో ఉత్తరంలోనూ ఆమే మేనకోడలికి రాసింది. రెండూ ఆమెకు నిజాలే. షార్లెట్‌ను ఆమె అంత సానుభూతితో, అంత నిర్దాక్షిణ్యంగా చూపగలిగింది అందుకే అని నేను నమ్ముతాను.

షార్లెట్‌ను ఎలిజబెత్ నిందించడం గురించి మీరు అడిగారు. ఎలిజబెత్ అక్కడ న్యాయంగా లేదు, ఆస్టెన్ ఆ అన్యాయాన్ని మనకు కావాలనే చూపిస్తోంది. షార్లెట్ విషయంలో అంత కఠినంగా ఉన్న ఎలిజబెత్, కొద్ది నెలల తరువాత వికమ్ తనను వదిలి, చేతికి 10,000 పౌండ్ల సొత్తు వచ్చిన మిస్ కింగ్ వెంట పడినప్పుడు, అందమైన మగవాళ్ళకు కూడా బతకడానికి ఏదో ఉండాలి కదా అని మేనమామ భార్య, అత్త మిసెస్ గార్డినర్‌కు రాసింది. పెళ్ళి విషయంలో డబ్బాశకూ ముందుచూపుకూ గీత ఎక్కడుందని అత్తనే ఎదురు ప్రశ్నించింది కూడా. స్నేహితురాలికి ఒక కొలత, తనను మురిపించిన మగవాడికి మరో కొలత. ఎలిజబెత్ మాటల చురుకుతనంలో మనకు ఈ తేడా పట్టదు. తండ్రి దగ్గర నేర్చుకున్న చురుకుతనమే అది, మనుషులను ఒక్క చూపులో అంచనా వేసి, ఒక్క మాటలో నవ్వులపాలు చేసి, ఆ అంచనాను మళ్ళీ తిరిగి చూడకపోవడం.

దాన్ని ఆమె తిరిగి చూసే చోటు 36వ అధ్యాయం. డార్సీ మొదటిసారి పెళ్ళి ప్రస్తావన తెచ్చి, ఆమె కుటుంబం తన స్థాయికి ఎంత తక్కువో కూడా చెప్పి, తిరస్కారం పొంది, మరునాడు వికమ్ అసలు సంగతి చెప్పే ఉత్తరం ఆమె చేతికి ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆమె చదివి, ఇక చూడనని మడిచి పెట్టి, అరనిమిషంలో మళ్ళీ తెరిచింది. ఆ తరువాతి రెండు గంటలూ ఆ దారిలో అటూ ఇటూ తిరుగుతూ ఆమె చేసిన పని నాకు ఈ నవలలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. కొత్త సాక్ష్యం కోసం ఆమె ఎక్కడికీ పోలేదు, తన జ్ఞాపకాన్నే వాక్యం వాక్యంగా తిరిగి చదివింది. పరిచయమైన మరునాడే, మిసెస్ ఫిలిప్స్ ఇంట్లో, డార్సీ తనకు అన్యాయం చేశాడని ఒక అపరిచితురాలికి వికమ్ తన గోడంతా చెప్పుకోవడం ఎంత అమర్యాద! డార్సీకి తాను భయపడనని, కావాలంటే అతనే ఊరు వదిలి పోవాలని గొప్పలు పోయినవాడు వారం తిరగకుండా నేదర్‌ఫీల్డ్ విందుకు మొహం చాటేశాడు. డార్సీ తండ్రి మీది గౌరవంతో డార్సీ సంగతి బయట పెట్టనన్నవాడు, నేదర్‌ఫీల్డ్ వాళ్ళు ఊరు విడిచిన మరుక్షణం అందరికీ చెప్పుకు తిరిగాడు. ఇవన్నీ మనమూ చదివాం, మనకూ అనుమానం రాలేదు, ఎందుకంటే ఆస్టెన్ కథనం చాలావరకు ఎలిజబెత్ మనసులోంచే నడుస్తూ, ఆమె అభిప్రాయాన్ని వాస్తవంలా మన ముందు పెడుతుంది. ఈ క్షణం వరకు నన్ను నేను ఎరగను అని ఎలిజబెత్ అనుకునేటప్పుడు పాఠకుడు కూడా వెనక్కి తిరిగి పేజీలు తిప్పాల్సి వస్తుంది. రెండోసారి చదివితే గాని ఈ నవల చదివినట్టు కాదని విద్యార్థులకు నేను చెప్పేది ఇందుకే.

డార్సీ భవనం పెంబర్లీ చూశాకే ఎలిజబెత్ మనసు మారిందన్న వాదన కొత్తది కాదు. నవలాకారుడు వాల్టర్ స్కాట్ అంతటివాడు 1816లో వెలువడిన ఒక సమీక్షలో ఇలాంటి మాటే రాశాడు. జేన్ ఎప్పటినుంచి ప్రేమిస్తున్నావని అడిగితే, పెంబర్లీ అందమైన తోటలు చూసినప్పటినుంచి అని ఎలిజబెత్ కూడా అంటుంది, అయితే అది అక్కను ఆటపట్టించడానికి అన్నది, వెంటనే జేన్ నిజం చెప్పమంటుంది. నవల వరుస చూస్తే విషయం తేలిపోతుంది: ఉత్తరం 35వ అధ్యాయంలో, పశ్చాత్తాపం 36లో, పెంబర్లీ 43లో. ఆమె తనను తాను తప్పుపట్టుకున్న చాలా వారాల తరువాత గాని ఆ ఇల్లు చూడలేదు.

అలాగని ఆ ఇల్లు ఆమెను కదిలించలేదనడం కూడా అబద్ధమే. పెంబర్లీ యజమానురాలు కావడం అంటే మాటలా అని ఆమె అనుకుంది, ఆ మాట ఆస్టెన్ దాచలేదు. కానీ ఆ వెంటనే వచ్చిన తలంపు చూడండి: అలా జరిగి ఉంటే మామయ్యనూ అత్తయ్యనూ ఈ ఇంటికి పిలవనిచ్చేవాళ్ళు కారు. లండన్‌లో చీప్‌సైడ్ దగ్గర వ్యాపారం చేసుకునే గార్డినర్ దంపతులు ఆమెకు పెంబర్లీ కన్నా ఎక్కువ. తరువాత ఇంటి వ్యవహారాలు చూసే మిసెస్ రేనాల్డ్స్ తన యజమానిని నాలుగేళ్ళ వయసు నుంచి ఎరుగుదునని, ఒక్కనాడూ పరుషంగా మాట్లాడలేదని చెబుతుంది. అన్నగా, భూస్వామిగా, యజమానిగా ఎంతమంది సుఖదుఃఖాలు ఇతని చేతిలో ఉన్నాయో కదా అని ఎలిజబెత్ అతని చిత్తరువు ముందు నిలబడి ఆలోచిస్తుంది. సంపద ఆమెకు అక్కడ బాధ్యతగా కనబడింది, తండ్రి లాంగ్‌బోర్న్‌లో దించేసుకున్న బాధ్యతగా. ఆమె మనసును తిప్పింది ఆ పోలికేనని నా వాదన, మీరు అడిగిన తేడా కూడా అదే. షార్లెట్‌కు భర్త ఎవరన్నది ముఖ్యం కాదు, ఆ ఇల్లు ముఖ్యం. ఎలిజబెత్‌కు ఇల్లు ఆ మనిషి ఎలాంటివాడో చెప్పింది. అయితే ఎలిజబెత్‌కు అలాంటి మనిషి ఎదురుపడ్డాడు, షార్లెట్‌కు పడలేదు. అది అదృష్టమేనని ఒప్పుకోవాలి.

డార్సీ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. మిసెస్ బెన్నెట్ ప్రవర్తన చూసి ముఖం చిట్లించినవాడు సొంత తల్లి తోబుట్టువైన లేడీ కాథరీన్ మోటుతనానికి ఎలిజబెత్ ముందు తానే సిగ్గుపడాల్సి వచ్చింది. ఎలిజబెత్‌తో అతని పెళ్ళి జరగనివ్వనని లాంగ్‌బోర్న్ దాకా వచ్చి బెదిరించిన ఆ పెద్దావిడే, అతన్ని చేసుకోనని ఎలిజబెత్ మాట ఇవ్వలేదన్న సంగతి డార్సీకి మోసి అతనికి మళ్ళీ ఆశ కలిగించింది. ఈ మధ్యలో అతను, లిడియాను వికమ్ పెళ్ళాడేలా చేయడానికి, వికమ్ అప్పులు, 1,000 పౌండ్లకు పైమాటే, తీర్చి, లిడియా పేర మరో 1,000 రాసి, సైన్యంలో ఉద్యోగం కొనిపెట్టి, అసహ్యించుకునే మనిషితో స్వయంగా బేరమాడాడు, అదీ ఎవరికీ చెప్పొద్దని కట్టడి చేసి. ప్రేమను మాటల్లో చెప్పి ఓడిపోయిన మనిషి ఈసారి పని చేసి నోరు మూసుకున్నాడు. బెన్నెట్‌కు పూర్తిగా వ్యతిరేక దిశ ఇది.

చివరి అధ్యాయాల్లో రెండు చోట్ల ఈ కథంతా ముడిపడుతుంది. డార్సీని ఎందుకు చేసుకుంటున్నావని గదిలోకి పిలిచి అడిగినప్పుడు బెన్నెట్ నవ్వు పక్కన పెట్టి, భర్తను గౌరవించలేని స్థితిలో నిన్ను చూసే దుఃఖం నాకు కలిగించకు అంటాడు. ఇరవై మూడేళ్ళకు పైబడిన తన కాపురం గురించి ఆయన కూతురి దగ్గర చేసిన ఒప్పుకోలు అది ఒక్కటే, అదైనా చాటుగానే. ఎలిజబెత్ కన్నీళ్ళతో డార్సీ గుణాలు చెప్పి ఒప్పించగానే, మిగిలిన కూతుళ్ళు మేరీకో కిట్టీకో సంబంధం అడగడానికి ఎవరైనా వస్తే పంపించమని, తనకు తీరికేనని పాత ధోరణిలోకి వెళ్ళిపోతాడు. ఆయన మారలేదు.

ఎలిజబెత్ మారింది. పెళ్ళి మాట కుదిరిన రోజు నడుస్తూ ఉండగా, బింగ్లీ తన మాట ఎంత తేలిగ్గా వింటాడో డార్సీ చెబుతుంటే ఆమె నోటి దాకా ఒక చమత్కారం వచ్చింది. ఇతను ఇంకా నవ్వించుకోవడం నేర్చుకోవాలి, ఇప్పుడే మొదలుపెట్టడం తొందరవుతుందని ఆపుకుంది. అవతలి మనిషి ఎలా తీసుకుంటాడో ఆలోచించి మాట ఆపుకున్న ఎలిజబెత్ నవల మొదట్లో మనకు కనిపించదు. ఆ నవ్వు మాయమైపోలేదు కూడా: ఆఖరి అధ్యాయంలో, పెంబర్లీలో వదిన అన్నను బహిరంగంగా ఆటపట్టించడం చూసి డార్సీ చెల్లెలు జార్జియానా మొదట హడలిపోతుంది, ఎప్పుడూ తనకన్నా పదేళ్ళు పైబడిన పెద్దవాడిగా భయభక్తులతో చూసిన అన్న, ఆ మాటలకు కోపం తెచ్చుకోకుండా కూర్చోవడం ఆమెకు కొత్త విషయం.